పైనున్నది కన్ను కాదు, గడియారం

పోయిన నెల ఒక రాత్రి హైదరాబాద్ రాయదుర్గంలో, ఆ అద్దాల బిల్డింగుల మధ్య, క్యాబ్ కోసం ఇరవై నిమిషాలు నిలబడ్డాను. ఫోన్‌లో నా చుక్క ఉన్నచోట ఉండటం లేదు. ఓసారి రోడ్డుకు అవతల, ఓసారి వెనక వీధిలో. క్యాబ్ నా ముందు నుంచే వెళ్లిపోయి, యూటర్న్ తీసుకుని, మళ్లీ వెళ్లిపోయింది. చివరికి డ్రైవర్ ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వు సాటిలైట్‌కి కనవడ్తలేవు. బిల్డింగులు అడ్డమొస్తున్నయ్. జర బయటికొచ్చి నిలవడు" అన్నాడు. ఆకాశం కనిపించే చోటికి నడిచాను. చుక్క కుదురుకుంది. కారొచ్చింది.

అతని సలహా నూటికి నూరుపాళ్లు కరెక్టు. చెప్పిన కారణమే తప్పు. ఆ తప్పు అతనొక్కడిదే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. మా అమ్మ మేడ మీద వడియాలు పెడుతూ "ఇప్పుడు మనం కూడా కనిపిస్తుంటామంటావా పైనుంచి?" అని అడుగుతుంది. ఆఫీసులో ఇంజినీరింగ్ చదివినవాళ్లు కూడా "శాటిలైట్ మనల్ని ట్రాక్ చేస్తోంది" అనే అంటారు. ఉపగ్రహం అనగానే అందరికీ కన్నే గుర్తొస్తుంది. అది కన్ను కాదు, గడియారం అంటాను నేను. మనిషి పంపినదైనా సరే, మనిషి పుట్టకముందు నుంచీ ఉన్న చందమామైనా సరే.

ముందు నా చుక్క సంగతి. రంజాన్ నెలలో పాతబస్తీలో ఇఫ్తార్ వేళకు సైరన్ మోగుతుంది. ఎవరు వింటున్నారో, ఎక్కడ నిలబడి వింటున్నారో సైరన్‌కు తెలియదు. కానీ వినేవాడికి ఓపికుంటే తానెక్కడున్నాడో దాన్ని బట్టి కనుక్కోవచ్చు. సరిగ్గా 6 గంటల 30 నిమిషాలకు మోగిందని తెలుసు, నాకు 3 సెకన్లు ఆలస్యంగా వినిపించింది. ధ్వని సెకనుకు 340 మీటర్లు పోతుంది కాబట్టి ఆ మసీదుకు నేను కిలోమీటరు దూరంలో ఉన్నాను. ఇంకో మసీదు సైరన్ 2 సెకన్లు ఆలస్యమైతే దానికి 680 మీటర్లు. ఇలా మూడు నాలుగు దొరికితే నేను నిలబడ్డ గల్లీ మ్యాపులో తేలిపోతుంది.

జీపీఎస్ చేసేదీ ఇదే. 20,200 కిలోమీటర్ల ఎత్తున 30 దాకా ఉపగ్రహాలు, ఒక్కోదానిలో అణు గడియారాలు. ప్రతిదీ పాడిందే పాట: "నేను ఫలానా, ఇక్కడున్నాను, ఇప్పుడు టైమింత." ఆ మాట మన దాకా రావడానికి సెకనులో నూరింట ఏడు వంతులు పడుతుంది. ఎంత ఆలస్యమైందో చూసుకుని ఫోనే లెక్క కట్టుకుంటుంది. మూడు ఉపగ్రహాలు చాలవా అంటే చాలవు. ఫోన్‌లోని గడియారం నాసిరకం, అదెంత తప్పు చెబుతోందో పట్టుకోవడానికి నాలుగోది కావాలి. ఈ మొత్తం వ్యవహారంలో ఫోన్ నుంచి పైకి ఏమీ పోదు. నేను రాయదుర్గంలో ఉన్నానో, అసలు ఉన్నానో లేనో ఆ ఉపగ్రహానికి తెలియనే తెలియదు.

మరి చుక్క ఎందుకు గెంతింది? సిగ్నల్ తిన్నగా రాలేదు. ఎదురు బిల్డింగు అద్దాలకు తగిలి, చుట్టు తిరిగి, ఆలస్యంగా వచ్చింది. సెకనులో కోటో వంతు ఆలస్యమైతే 30 మీటర్ల తేడా. నన్ను రోడ్డుకు అవతల పడేయడానికి అది చాలు. అంటే ఆ రాత్రి నేను ఎవరి చూపుకూ అడ్డం పడలేదు, టైము తప్పింది, అంతే.

ఇంకో సంగతి చెబితే గానీ ఈ గడియారాల పట్టింపు అర్థం కాదు. అంత ఎత్తున భూమి లాగుడు తక్కువ కాబట్టి అక్కడి గడియారం మన గడియారం కన్నా రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. వేగంగా తిరుగుతోంది కాబట్టి 7 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. నికరంగా 38 ముందుకు. ఐన్‌స్టీన్ చెప్పిన ఈ తేడాను సరిచేయకుండా వదిలేస్తే ఒక్క రోజులో పోగయ్యే తప్పు 10 కిలోమీటర్లు దాటుతుంది. ఇవాళ కూకట్‌పల్లిలో ఉన్నవాడి చుక్క, మనిషి కదలకుండానే, రేపీపాటికి ఖైరతాబాద్‌లో ఉంటుంది.

ఇక మనల్ని నిజంగా చూస్తున్నదెవరు అంటారా, అది జేబులోనే ఉంది. నేను బిర్యానీ తిని బయటికి రాగానే "ఎలా ఉంది?" అని మెసేజ్ పెట్టింది 20 వేల కిలోమీటర్ల ఎత్తునున్న గడియారం కాదు, నేనే చదవకుండా అలో నొక్కిన యాప్. ఫోన్ తన చోటు తాను కనుక్కుని, మొబైల్ డేటా మీద వాళ్లకు చేరవేసింది. మనం పైకి చూసి భయపడుతున్నంతసేపూ సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడం. ఈ అయోమయం కొందరికి బాగా గిట్టుబాటవుతోందని నా అనుమానం.

దారి చూపడం ఆ గడియారాలు చేసే పనుల్లో ఒకటే. మన వీధి చివర 5జీ టవర్, పక్క టవర్‌తో మైక్రోసెకన్ల తేడాలో కలిసి నడవాలి, లేకపోతే ఒకదాని మాటకు ఇంకోటి అడ్డం పడుతుంది. చాలా టవర్లు ఆ టైమును ఉపగ్రహాల దగ్గరే దిద్దుకుంటాయి. కరెంటు గ్రిడ్డులో ఎక్కడ ఏ క్షణాన ఏం తేడా వచ్చిందో పోల్చి చూసే పరికరాలూ అంతే. దారి అడగని రోజు ఉంటుంది గానీ, ఆ టైము వాడని రోజు ఉండదు.

"అయితే అవి కింద ఎందుకు పడవురా?" అంది అమ్మ. పడుతూనే ఉంటాయమ్మా అన్నాను. నమ్మలేదు. అప్పుడు గోల్కొండ చెప్పాల్సొచ్చింది.

గోల్కొండ బురుజు మీది ఫిరంగిని చార్మినార్ వైపు తిప్పారనుకోండి. రెంటికీ మధ్య గీత గీస్తే దాదాపు 8 కిలోమీటర్లు. భూమి గుండ్రం కాబట్టి ఆ 8 కిలోమీటర్లలో నేల 5 మీటర్లు కిందికి ఒంగుతుంది. చేతిలోంచి వదిలేసిన రాయి మొదటి సెకనులో పడేదీ 5 మీటర్లే. అంటే గోల్కొండ నుంచి చార్మినార్‌కు ఒక్క సెకనులో పోయే గుండు ఎంత పడినా నేలను అందుకోలేదు, అది పడ్డంతా నేల కూడా తప్పుకుంటూ పోతుంది. గాలి, కొండలు, మేడలు అడ్డం లేకపోతే గంటన్నర తిరక్కుండా భూమి చుట్టి వెనక నుంచి వచ్చి గోల్కొండకే తగులుతుంది. ఫిరంగి ఉదాహరణ న్యూటన్‌ది, ఊరు నాది. (ఆయన గురుత్వాకర్షణ లెక్కలు అచ్చయిన 1687లోనే ఔరంగజేబు ఫిరంగులు గోల్కొండను ముట్టడించాయి. ఆ గుండ్లేవీ అంత దూరం పోలేదు లెండి.)

పైకి పోయేకొద్దీ చుట్టు పెద్దది, వేగం తక్కువ. 400 కిలోమీటర్ల ఎత్తునున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం గంటన్నరకోసారి తిరుగుతుంది. జీపీఎస్ ఉపగ్రహం 12 గంటలకు. 35,786 కిలోమీటర్ల ఎత్తునున్న టీవీ ఉపగ్రహం ఇంచుమించు 24 గంటలకు. సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్న చందమామ 27 రోజుల పైచిల్లరకు. ఎత్తు చెబితే టైము చెప్పొచ్చు. సెకన్ల ముల్లు, నిమిషాల ముల్లు, గంటల ముల్లు, అన్నిటికీ అవతల నెలల ముల్లు. అన్నీ ఒకే నియమానికి తిరిగే ముళ్లు.

ఆ 24 గంటల ముల్లుది తమాషా. భూమి తిరిగే టైమూ, అది తిరిగే టైమూ ఒకటే కాబట్టి మనకు కదలనట్టే కనిపిస్తుంది. అందుకే ఇంటి మీది డిష్‌ను ఒకసారి బిగించి వదిలేస్తాం. అలా నిలిచేది భూమధ్యరేఖకు పైన మాత్రమే. మనం దానికి ఉత్తరాన ఉన్నాం కాబట్టి హైదరాబాద్‌లో డిష్‌లన్నీ దక్షిణం వైపే చూస్తుంటాయి, కాస్త అటూ ఇటూగా. దక్షిణ ముఖం ఫ్లాట్ అంటే పది లక్షలు తగ్గించినా వద్దనే ఊరు ఇది. అదే అపార్ట్‌మెంటు పైకెక్కి చూడండి, వరసగా యాభై గొడుగులు దక్షిణానికి ముఖం పెట్టుకుని ఉంటాయి. కొత్త కాలనీలో దిక్కు తెలియకపోతే నేను ఫోన్ తీయను, మేడల వైపు చూస్తాను.

చందమామ గడియారమన్న సంగతి మన భాషకు నాకన్నా ముందే తెలుసు. నెల అంటే చంద్రుడు, నెల అంటే ముప్పై రోజులు. నెలవంక, నెలరాజు, నెలజీతం, అన్నిట్లో ఒకటే మాట. అమావాస్య నుంచి అమావాస్యకు 29 రోజుల 12 గంటల పైచిలుకు. అలాంటివి పన్నెండు కలిపితే 354 రోజులు. ఎండాకాలం, వానాకాలం నడిచే లెక్కకు 11 రోజులు తక్కువ. ఈ 11 రోజులను ఏం చేయాలన్న దగ్గరే మన ఊళ్లో రెండు పద్ధతులు పక్కపక్కన నడుస్తాయి. ఇస్లామీ క్యాలెండర్ వాటిని అలాగే వదిలేస్తుంది. అందుకే 2016లో జూన్‌లో మొదలైన రంజాన్ 2025కు మార్చికి వచ్చింది. నేను చినుకుల్లో లైనులో నిలబడి తిన్న హలీం ఇప్పుడు చలి పూర్తిగా పోకముందే దొరుకుతోంది. పంచాంగం ఆ 11 రోజులను పోగేసి, రెండున్నర మూడేళ్లకోసారి ఒక అధిక మాసం వేస్తుంది. 2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం. అందుకే గోల్కొండలో మొదలయ్యే బోనాలు ఏ ఏడాదీ వానాకాలం వదిలిపోవు. ఒకే ముల్లు, చదివే తీరులే రెండు.

రంజాన్ పండగ ముందు సాయంత్రం, చాంద్ రాత్ నెలవంక కోసం మేడలెక్కి అందరూ పడమటికి చూస్తారు కదా, అక్కడ కన్నుంది కదా అని మా పక్క ఫ్లాట్ కుర్రాడు వాదించాడు. ఉంది. కన్ను మనది, గడియారం దానిది.

ఏటా ఏదో ఒక పండగకు మా ఇంట్లో, పై ఇంటి ఆంటీ వాళ్లింట్లో తేదీలు కలవవు. అమ్మ సోమవారం అంటుంది, ఆంటీ మంగళవారం అంటుంది, సెలవు ఎప్పుడో ఆఫీసు వాళ్లు చెబుతారు. తిథి అంటే చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరగడానికి పట్టే టైము. చంద్రుడి దారి కోడిగుడ్డు మాదిరిది. దగ్గరికొచ్చినప్పుడు పరుగు, దూరం పోయినప్పుడు నడక. కాబట్టి తిథి ఒకోసారి 20 గంటల్లో అయిపోతుంది, ఒకోసారి 26 గంటలు సాగుతుంది. దానికి మన సూర్యోదయాలతో పొత్తు కుదరదు. పంతుళ్లు కొట్టుకుంటున్నారని టీవీల్లో వెక్కిరిస్తారు గానీ, ఆ తగాదా వెనకున్నది చంద్రుడి వేగం. ఆ లెక్క తెలిసినవాళ్లను వెక్కిరించడం నాకు నచ్చదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు శాస్త్రవేత్తలు మన ఊరికి దగ్గర్లోని జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో ముందుగానే పరికరాలు పెట్టుకుని కూర్చున్నారంటే, నీడ ఏ సెకనుకు ఎక్కడికొస్తుందో తెలిసే కదా.

అమ్మది అవనిగడ్డ దగ్గర ఊరు. సముద్రం మీదికి పోయేవాళ్ల మధ్య పెరిగింది. పోటు రోజుకు రెండు ఘడియలు వెనక్కి జరుగుతుందని ఆమెకు చిన్నప్పుడే తెలుసు. ఘడియంటే 24 నిమిషాలు, రెండంటే 48. భూమి ఒక చుట్టు తిరిగేలోపు చంద్రుడు కాస్త ముందుకు పోతాడు, అతన్ని అందుకోవడానికి భూమికి సగటున ఇంకో 50 నిమిషాలు పడుతుందని ఫిజిక్సు పుస్తకం చెప్పేదీ ఇదే. పౌర్ణమికి, అమావాస్యకు సూర్యుడు కూడా అదే గీత మీదికొచ్చి లాగుతాడు కాబట్టి పోటు పెద్దది. సూర్యుడి వాటా చంద్రుడి వాటాలో సగం కూడా ఉండదు, అయినా తేడా ఒడ్డున తెలుస్తుంది. ఏ వేళకు పడవ దించాలో, ఏ వేళకు కాలవలో ఉప్పు నీరు ఎక్కుతుందో అన్నీ ఈ లెక్క మీదే. గడియారం అనే మాటలోనే గడియ ఉంది. అమ్మ వాళ్ల ఊళ్లో అది ఆకాశంలో ఉండేది.

1977 నవంబరు 19న ఆ గడియారం పనిచేయలేదు. ఆ వేళ పౌర్ణమీ కాదు, అమావాస్యా కాదు. సముద్రం తన టైముకు రాలేదు, తుపాను తెచ్చిన టైముకు వచ్చింది. దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్లు పది వేల దాకా, అంతకు పైనే అంటారు. అమ్మకప్పుడు పన్నెండేళ్లు. దాని గురించి ఆమె ఎక్కువ మాట్లాడదు, నేనూ ఇక్కడ ఎక్కువ రాయను. అప్పటికి తుపానులను పైనుంచి గమనించే సొంత ఉపగ్రహం మనకు లేదు. ఇన్‌శాట్-1బీ పైకి వెళ్లింది 1983లో. ఇప్పటి ఇన్‌శాట్-3డీ తరం అరగంటకోసారి మేఘాల బొమ్మ పంపిస్తుంది. ఒక్క బొమ్మ చూస్తే తెల్లటి సుడి, అంతే. పది బొమ్మలు వరసగా పెడితే ఎటు పోతోంది, ఎంత వేగంగా, ఎన్ని గంటలకు తీరం తాకుతుంది అన్నది తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది. పోయిన ప్రాణాలు వేలల్లో కాదు, పదుల్లో. ఆ తేడా తెచ్చింది ముందే దొరికిన నాలుగైదు రోజుల టైము, ఆ టైములో జనాన్ని బస్సులెక్కించి పంపిన మనుషులు.

సముద్రానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న మన ఊళ్లోనే, ప్రగతినగర్‌లో, సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. సునామీ హెచ్చరికలు 2007 నుంచి ఇక్కడి నుంచే పోతున్నాయి. సముద్రం రంగు, పైనీటి వేడి ఉపగ్రహాలు కొలిచి పంపితే, చేపలు ఎక్కడ చేరే అవకాశముందో చూసి జాలర్లకు కబురు చెప్పేదీ వీళ్లే. ఆ కబురు పాతబడితే ఎందుకూ పనికిరాదు. నిన్నటి చేప నిన్నటిదే. మా బస్సు ఆ గేటు ముందు నుంచే పోతుంది. సముద్రం సంగతి ఇక్కడ తేలుతుందంటే అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

"మరి బాలానగర్‌లో ఇస్రో వాళ్ల ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉంది కదా, వాళ్ల పనే ఫొటోలు కదా, అది కన్ను కాదా?" అని అడగాల్సినవాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఫొటోలు తీసే ఉపగ్రహాలున్నాయి, వాటిలో కొన్నిటి చూపు చురుకైనదే, సైన్యాల వాటి సంగతి వేరే చెప్పక్కర్లేదు. కానీ వాటి పని తీరు చూడండి. 1988లో పంపిన ఐఆర్‌ఎస్-1ఏ ప్రతి 22 రోజులకు అదే చోటికి తిరిగొచ్చేది, అదీ ఉదయం పదిన్నర ప్రాంతంలోనే. నీడలు ఒకే తీరున పడాలి, అప్పుడే ఆ ఫొటోకు ఈ ఫొటోకు పోలిక కుదురుతుంది. మిమ్మల్ని వెంటపడి చూడటానికి కట్టింది కాదది. చెరువును, అడవిని, వరిచేనును తేదీ వేసి దాచిపెట్టడానికి కట్టింది.

ఆ తేదీ విలువ నాకు డబ్బులు పోయాక తెలిసింది. 2020 అక్టోబరు 13న, కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం ఈ ఊరి మీద కుమ్మరించినప్పుడు, బేగంపేటలో 19 సెంటీమీటర్లు పడింది. మా సెల్లార్‌లో కార్లు తేలాయి. ఫ్లాట్ అమ్మినవాళ్లు "ఇక్కడ ఎప్పుడూ చెరువు లేదు సార్, కాగితాలు క్లియర్" అని చెప్పి ఉన్నారు. నీళ్లు దిగాక ఒక రాత్రి కంప్యూటర్‌లో మా కాలనీ పాత ఉపగ్రహ చిత్రాలు ఒక్కో ఏడాది వెనక్కి జరుపుకుంటూ పోయాను. రోడ్డు పోయింది, ఇళ్లు పోయాయి, ఇరవై ఏళ్ల కింద నా పార్కింగ్ ఉన్నచోట నీళ్లు మెరుస్తున్నాయి. ఇవాళ్టి చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా నాకు ఏమీ చెప్పలేదు. మసకమసకగా ఉన్న పాత చిత్రమే చెప్పింది. కొనకముందు ఆ పని పది నిమిషాల్లో చేయగలిగేవాణ్ణి. కన్ను పైన ఉంది, ఎవరో చూసుకుంటారులే అనుకున్నాను.

ఈ వాదన ఇంత సాగదీయడానికి కారణం చప్పట్లు. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 దిగినప్పుడు మా అపార్ట్‌మెంటంతా కేకలు, నేనూ అరిచాను. కానీ దారి చూపడానికి మనం సొంతంగా కట్టుకుంటున్న నావిక్ సంగతి ఎంతమందికి తెలుసు? 2013లో పంపిన మొదటి ఉపగ్రహంలో మూడు అణు గడియారాలుండేవి, బయటి నుంచి కొన్నవి. మూడూ ఆగిపోయాయి. ఉపగ్రహం అప్పటికీ బతికే ఉండింది, సిగ్నల్ పంపుతూనే ఉండింది, కానీ టైము చెప్పలేదు కాబట్టి దారి చూపలేదు. దాని బదులు 2017లో పంపినది, రాకెట్ తొడుగు ఊడకపోవడంతో అందులోనే చిక్కుకుని వృథా అయింది. ఇక్కడ తయారైన రుబీడియం అణు గడియారం 2023 మే 29న ఎన్‌వీఎస్-01 అనే కొత్త నావిక్ ఉపగ్రహంతో పైకి వెళ్లింది. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగంగా వెళ్లిన ఎన్‌వీఎస్-02ను ఒక వాల్వు తెరుచుకోక చేరాల్సిన కక్ష్యకు చేర్చలేకపోయారు. నూరో ప్రయోగం అని పండగ చేసుకున్న రోజు గుర్తుంది. తర్వాత ఏమైందన్నది పేపర్లలో లోపలి పేజీకి పోయింది. రాకెట్ ఎగరడం పదిహేను నిమిషాల సినిమా. గడియారం ఏళ్ల తరబడి తప్పకుండా నడవడం బోరు పని. మన రోజు నడిచేది ఆ బోరు పని మీద. ఆకాశంలో కన్నుందని నమ్మే జనం దాని పదును గురించి అడుగుతారు. గడియారముందని తెలిస్తే అది ఎవరిది, ఆగిపోతే ఏం చేస్తాం అని అడిగేవాళ్లు.

పోయిన అక్టోబరు మొదటివారంలో, పొద్దున పదకొండున్నర దాటాక, అమ్మ చూస్తున్న సీరియల్ చుక్కలు చుక్కలై ఆగిపోయింది. వాన లేదు, మబ్బు లేదు. డిష్ వాడికి ఫోన్ చేయమంది. అక్కర్లేదన్నాను. అక్టోబరు మొదట్లో, మార్చి రెండో వారంలో కొన్ని రోజులు సూర్యుడు సరిగ్గా ఆ టీవీ ఉపగ్రహం వెనక్కి వస్తాడు, ఆయన రొదలో దాని గొంతు మునిగిపోతుంది.

"ఎంతసేపు?"

"పది నిమిషాల లోపే."

"రేపు కూడా పోతుందా?"

"రేపు కూడా. ఇంచుమించు ఇదే టైముకు."

అమ్మ గోడ గడియారం వైపు ఓసారి చూసి లేచింది. "అయితే రేపు ఈ వేళకు కుక్కరు పెట్టేస్తా" అంటూ వంటింట్లోకి పోయింది. బొమ్మ తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా కందిపప్పు కడుగుతూనే ఉంది.